ఒక్క శబ్దమా, అనేక శబ్దాలా: ఫూరియర్ విశ్లేషణ, అవయవి వాదం

ఫూరియర్ విశ్లేషణ అంటే ఎంత చిక్కుపడిన కంపనాన్నైనా సాదా సైన్ తరంగాల మొత్తంగా విడదీసి చూపే గణిత పద్ధతి. శబ్దం, వేడి, వెలుగు, భూకంపం, ఫొటో, స్ఫటికం వంటి వాటిని నేటి విజ్ఞానశాస్త్రం చాలావరకు ఈ పద్ధతితోనే చదువుతోంది. ఈ పద్ధతి లెక్కలతో పాటు ఒక తత్త్వప్రశ్నను కూడా ముందు పెడుతుంది. సిద్దిపేట జిల్లా కొమురవెల్లి మల్లన్న జాతరలో ఒగ్గు పూజారులు పట్నం వేసే వేళ డోలు మీద దెబ్బ పడితే చెవికి అందేది ఒకే శబ్దం. ఆ దెబ్బనే రికార్డు చేసి విశ్లేషిస్తే ఎన్నో తరంగాలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కోదానికి ఒక్కో పౌనఃపున్యం, ఒక్కో బలం. ఆ తరంగాలు డోలు శబ్దంలో ముందునుంచీ ఉన్నాయా, లేక విడదీసే పద్ధతే వాటిని పుట్టించిందా? భాగాలు నిజమా, మొత్తం నిజమా?

భారతీయ దర్శనాలకు ఇది పాత ప్రశ్నే. గుడ్డ అనేది దారాలకంటే వేరైన వస్తువా, కాదా అని తర్కప్రధానమైన న్యాయదర్శనానికి చెందిన నైయాయికులూ బౌద్ధులూ శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఆ వాదంలో తెలుగు నేలకు పెద్ద వాటా ఉంది. బౌద్ధంలో మాధ్యమిక దర్శనాన్ని నిలబెట్టిన నాగార్జునుడి పేరు కృష్ణా తీరంలోని శ్రీపర్వతంతో ముడిపడింది. మెదక్ జిల్లాలోని కొల్చారాన్నే మల్లినాథసూరి ఊరుగా చెబుతారు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యాతగా పేరుపడ్డ ఆయన, వరదరాజు రచించిన తార్కికరక్ష అనే న్యాయగ్రంథానికీ నిష్కంటక అనే వ్యాఖ్య రాశాడు. న్యాయశాస్త్రంలో అడుగుపెట్టేవారు ఈనాటికీ మొదట చదివే తర్కసంగ్రహం, 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు రచన. ఫూరియర్ విశ్లేషణ లేవనెత్తే ప్రశ్నను ఈ సంప్రదాయం ఎదుట నిలబెడితే, ప్రశ్న స్పష్టమవుతుంది, జవాబూ చాలావరకు దొరుకుతుంది.

వేడి నుంచి పుట్టిన వివాదం

యూరప్ గణితంలోకి ఈ చర్చ ఒక తీగ ద్వారా వచ్చింది. బిగించిన తీగ కదలిక ఎంత చిక్కుగా ఉన్నా అది సరళ కంపనాల కలయికేనని 1753లో డేనియల్ బెర్నూలీ అన్నాడు. ఆయిలర్ ఒప్పుకోలేదు. తీగకు మొదట ఏ ఆకారమైనా ఇచ్చి వదలవచ్చు కదా, నున్నటి సైన్ తరంగాలను కలిపితే అన్ని ఆకారాలూ ఎలా వస్తాయన్నది ఆయన అభ్యంతరం. 1807లో జోసెఫ్ ఫూరియర్ ఘనపదార్థాల్లో వేడి పాకే తీరును లెక్కగడుతూ, ఏ ప్రమేయాన్నైనా సైన్, కొసైన్ తరంగాల శ్రేణిగా రాయవచ్చని పారిస్ విద్వత్సభకు పత్రం సమర్పించాడు. ఈసారి లగ్రాంజ్ అడ్డుచెప్పాడు. 1811లో సవరించి పంపిన పత్రానికి బహుమతి ఇస్తూనే, నిరూపణలో బిగువు చాలలేదని పరీక్షకులు రాశారు. ఫూరియర్ వెనక్కి తగ్గలేదు. 1822లో ఉష్ణ సిద్ధాంతం మీద తన గ్రంథాన్ని ప్రచురించాడు.

వివాదం అంతటితో ముగియలేదు. ఎలాంటి ప్రమేయాలకు ఈ శ్రేణి సరిగ్గా కుదురుతుందో 1829లో డిరిక్లే నిరూపించాడు. ఎక్కడా తెగని ప్రమేయానికి కూడా ఒక బిందువు దగ్గర శ్రేణి కుదరకపోవచ్చని 1873లో డుబోయ్ రేమండ్ చూపించాడు. మామూలుగా కూడితే కుదరని శ్రేణి, మొత్తాల సగటులు తీసుకుంటూ పోతే కుదురుతుందని 1900లో హంగేరీ గణితవేత్త ఫెయెర్ తేల్చాడు. అంటే భాగాలను కలిపితే మొత్తం వస్తుందన్న మాటలో కలపడం అనే పనికి కూడా అర్థం చెప్పవలసి వచ్చింది. శ్రేణులను ఎన్ని విధాల కూడవచ్చో పరిశీలించే ఈ శాఖలో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యుడు సుబ్బరామయ్య మీనాక్షిసుందరం లోతైన కృషి చేశారు. కె. చంద్రశేఖరన్‌తో కలిసి ఆయన రాసిన గ్రంథం 1952లో వెలువడింది. దారాలు పోగుపడినంత మాత్రాన గుడ్డ కాదనీ, వాటి సంయోగం కూడా కావాలనీ నైయాయికులు పట్టుబట్టింది ఇలాంటి చోటే.

భాగాన్ని కనుక్కునే తీరు

ఒక శబ్దంలో 100 హెర్ట్జ్‌ల తరంగం ఉందో లేదో ఎలా తేలుతుంది? శబ్దం ప్రతి క్షణంలో ఎంత ఎత్తున ఉందో కొలిచి, ఆ విలువను అదే క్షణంలో 100 హెర్ట్జ్‌ల సాదా తరంగపు విలువతో గుణించాలి. వచ్చిన లబ్ధాలన్నిటినీ కూడాలి. శబ్దంలో ఆ తరంగం దాగి ఉంటే ఎత్తు ఎత్తుతో, పల్లం పల్లంతో కలుస్తాయి. ఎత్తును ఎత్తుతో గుణించినా, పల్లాన్ని పల్లంతో గుణించినా లబ్ధం ధనాత్మకమే కాబట్టి మొత్తం పెరుగుతూ పోతుంది. ఆ తరంగం లేకపోతే లబ్ధాల్లో కొన్ని ధనాత్మకమై, కొన్ని రుణాత్మకమై ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. మొత్తం సున్నా దగ్గరే నిలుస్తుంది. ఇదే పరీక్షను సైన్ తరంగంతో ఒకసారి, కొసైన్ తరంగంతో ఒకసారి చేస్తే రెండు సంఖ్యలు వస్తాయి. వాటి నుంచి ఆ అంశం బలమెంతో, అది ఎక్కడ మొదలవుతుందో, అంటే దాని దశ ఏమిటో తెలుస్తుంది.

ఈ పని చేతితో చేయడం దుర్భరం. 1024 కొలతలున్న శబ్దానికి నేరుగా లెక్క కడితే సుమారు 10 లక్షల గుణకారాలు కావాలి. 1965లో కూలీ, టూకీ ప్రకటించిన వేగవంతమైన పద్ధతిలో సుమారు 10 వేల మెట్లు చాలు. ఆ తర్వాతే ఫూరియర్ విశ్లేషణ ప్రతి ప్రయోగశాలకూ చేరింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ప్రతి భాగమూ ఒక ప్రశ్నకు వచ్చిన జవాబు. 100 హెర్ట్జ్‌ల గురించి అడిగితేనే దాని గురించి తెలుస్తుంది. అయితే జవాబు మాత్రం అడిగినవాడి ఇష్టానుసారం రాదు. శబ్దంలో లేని తరంగం కోసం ఎన్నిసార్లు వెతికినా సున్నాయే వస్తుంది. ప్రశ్న మనిషిది, జవాబు వస్తువుది. తర్వాతి చర్చంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

డోలు తోలు చెప్పే సాక్ష్యం

భాగాలు కేవలం కల్పన కావనడానికి బలమైన సాక్ష్యం తోలు వాయిద్యాలే ఇస్తాయి. గుండ్రంగా బిగించిన తోలు తనకు నచ్చినట్టు కంపించలేదు. కొన్ని నిర్దిష్టమైన రీతుల్లోనే కంపిస్తుంది. ఏ పూతా లేని, గాలి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోని ఆదర్శ తోలుకు మొదటి రీతి పౌనఃపున్యం 1 అనుకుంటే, తర్వాతివి 1.593, 2.136, 2.296, 2.653 నిష్పత్తిలో వస్తాయి. ఇవి పూర్ణసంఖ్యలు కావు. మామూలు డప్పు దెబ్బలో స్పష్టమైన శ్రుతి వినిపించకపోవడానికి కారణం ఇదే.

ఈ రీతులను తోలు మీదే వేరుచేయవచ్చు. సరిగ్గా మధ్యలో కొడితే మధ్యబిందువు కదలకుండా ఉండవలసిన రీతులు పలకవు. 1.593, 2.136 పోయి 1, 2.296 మిగులుతాయి. అంచు వైపు జరిపి కొడితే పోయినవి తిరిగి వస్తాయి. తోలు మీద సన్నని ఇసుక చల్లి ఒక రీతిలో కంపింపజేస్తే, కదలని గీతల వెంట ఇసుక పోగవుతుంది. ఆ రీతి కంటికి బొమ్మగా కనిపిస్తుంది. చంద్రశేఖర వెంకట రామన్ మృదంగం మీద ఇలాంటి పరిశీలనలే చేశారు. శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో, తర్వాత 1934లో ప్రచురించిన పత్రాల్లో ఆయన ఒక అద్భుతాన్ని వెలికితీశారు. మృదంగం కుడి ముఖాన మధ్యలో అద్దే నల్లటి పూత తోలు బరువును మార్చి, చెదిరి ఉన్న పౌనఃపున్యాలను 1, 2, 3, 4, 5 అనే పూర్ణసంఖ్యల వరుసలోకి తెస్తుంది. గణితం తెలియని వాద్యకారులు తరతరాలుగా చెవి ఒక్కటే ప్రమాణంగా పూత మందాన్ని సరిచేసుకుంటూ ఈ ఫలితాన్ని సాధించారు. కల్పనను అలా సరిచేసుకోవడం సాధ్యం కాదు. చెవి కోరిన వరుసలోకి తోలు వచ్చిందంటే, వరుసలోకి రావలసినవేవో తోలులో ఉన్నాయన్నమాట.

నైయాయికుల పక్షం

అన్నంభట్టు శబ్దాన్ని ఆకాశానికి చెందిన గుణంగా నిర్వచించి, ధ్వని, వర్ణం (పలికే అక్షరం) అని రెండుగా విభజించాడు. ధ్వనికి ఆయన చూపిన ఉదాహరణ భేరి, అంటే పెద్ద డోలు. భేరికీ కర్రకూ సంయోగం కలగగానే తొలి శబ్దం పుడుతుందనీ, అది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పుట్టిస్తూ చెవి దాకా వస్తుందనీ ఆయన తన దీపికా వ్యాఖ్యలో వివరించాడు. శబ్దం ప్రయాణించే తీరును తర్కశాస్త్రం నీటి అలల వరుసతో పోల్చింది.

ఒకే శబ్దంలో అనేక శబ్దాలు కలిసి ఉంటాయా అన్న ప్రశ్నను ఆయన ఈ రూపంలో వేయలేదు. రంగు విషయంలో మాత్రం సరిగ్గా ఇదే ప్రశ్న వేశాడు. తర్కసంగ్రహం రంగులను ఏడుగా లెక్కిస్తుంది. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశం అయ్యాక ఏడోది చిత్రం. పలు రంగుల దారాలతో నేసిన గుడ్డ రంగు ఏమిటి అంటే, ఎరుపు, పసుపు అని విడివిడిగా చెప్పడం ఆయన సిద్ధాంతం ప్రకారం కుదరదు. ఒక వస్తువు రంగు ఆ వస్తువంతటా వ్యాపించాలి. కాబట్టి గుడ్డకు చిత్రం అనే ఒకే ఒక రంగు ఉంది. అంతకుముందే నవ్యనైయాయికుడు రఘునాథ శిరోమణి ఈ మతాన్ని తోసిపుచ్చి, ఒకే గుడ్డలో అనేక రంగులు ఒక్కోచోట ఒక్కోటిగా ఉండవచ్చని వాదించాడు. ఫూరియర్ చర్చ ఇదే. డోలు శబ్దం చిత్రశబ్దమనే ఏక గుణమా, లేక అనేక శబ్దాల సహవాసమా?

న్యాయ మతంలో అవయవి, అంటే భాగాలతో తయారైన మొత్తం, భాగాలకంటే వేరైన నిజమైన వస్తువు. దాన్ని నేరుగా చూస్తాం, పట్టుకుంటాం, కట్టుకుంటాం. ఈ వాదం బలమేమిటో సిద్దిపేట మగ్గాల దగ్గర తెలుస్తుంది. తల మీద కుండతో నిలిచే గొల్లభామ బొమ్మను ఇక్కడి చేనేత పనివారు అద్దకంతో దింపరు, దారాలతోనే నేస్తారు. ఆ చీరను విప్పి దారాలను రంగుల వారీగా లెక్కబెడితే ఎన్ని ఎర్రవో, ఎన్ని పచ్చవో తప్పులేకుండా తెలుస్తుంది. ఆ లెక్కలో గొల్లభామ ఉండదు. ఏ దారం ఏ దారం మీదుగా ఎక్కడ దాటిందన్న సంబంధంలోనే ఆమె ఉంది.

ఫూరియర్ విశ్లేషణలో ఆ సంబంధం పేరు దశ. ఒక్కో తరంగం బలం దారాల లెక్క వంటిది. తరంగాలు ఒకదానితో ఒకటి ఎక్కడ కలుస్తాయో దశ చెబుతుంది. 1981లో ఓపెన్‌హైమ్, లిమ్ అనే ఇద్దరు ఇంజనీర్లు దీన్ని ఫొటోలతో చూపించారు. రెండు ఫొటోలను తరంగాలుగా విడదీసి, ఒకదాని బలాలకు మరోదాని దశలను జతచేసి తిరిగి కూడితే వచ్చే బొమ్మలో గుర్తుపట్టగలిగేది దశలు ఇచ్చిన ఫొటోనే. బలాలు ఇచ్చిన ఫొటో దాదాపు మాయమవుతుంది. భాగాల జాబితా మొత్తానికి సమానం కాదని నైయాయికులు అన్న మాటకు ఇంతకంటే తేటైన ప్రయోగం దొరకదు.

బౌద్ధుల పక్షం, నిశ్శబ్దం చిక్కు

అవయవి నిజమని ఒప్పుకున్నంత మాత్రాన భాగాల సంగతి తేలిపోదు. సైన్ తరంగానికి మొదలూ తుదీ లేవు. అది అనాదిగా, అనంతంగా ఒకే తీరున సాగుతుంది. డోలు దెబ్బ మాత్రం ఒక క్షణంలో మొదలై కాసేపటికి చల్లారుతుంది. మొదలూ తుదీ లేని తరంగాలను కలిపి ఇలాంటి దెబ్బను తయారుచేయాలంటే, కర్ర పడకముందు ఉన్న నిశ్శబ్దంలో కూడా ఆ తరంగాలన్నీ సాగుతూ, ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేసుకుంటూ ఉండాలి. మరి ఆ నిశ్శబ్దం నిండా తరంగాలున్నాయా?

అన్నంభట్టు దగ్గర దీనికి సూటి సమాధానం ఉంది. ఆయన పదార్థాల పట్టికలో అభావానికీ చోటుంది. దెబ్బకు ముందున్నది ప్రాగభావం, తర్వాతది ప్రధ్వంసాభావం. శబ్దం అనిత్యం కాబట్టి పుట్టకముందు అది ఎక్కడా దాగి లేదు. మీమాంసా దర్శనం వారు, అంటే మీమాంసకులు, ఒప్పుకోరు. వారి మతంలో వర్ణం నిత్యం. ఉచ్చారణ దాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని వెలికితెస్తుంది. తరంగాలు నిశ్శబ్దంలోనూ ఉన్నాయనేవారు తెలియకుండానే మీమాంసకుల బాట పట్టారు. ఇక్కడ నైయాయికుల మాటే నిలుస్తుంది. నిశ్శబ్దంలో ఏ యంత్రమూ శక్తిని కనుక్కోలేదు, చెవిలో ఏ పొరా కదలదు. కొట్టేసుకునే తరంగాలు లెక్కను నడిపించే సాధనాలు మాత్రమే.

భాగాలను అతి సన్నగా కోయడానికీ హద్దు ఉంది. శబ్దం ఎంత కొద్దిసేపు ఉంటే దాని పౌనఃపున్యం అంత మసకబారుతుంది. సెకనులో నూరోవంతు సేపు మాత్రమే ఉన్న శబ్దంలో పౌనఃపున్యాన్ని సుమారుగా 100 హెర్ట్జ్‌ల తేడా కంటే సన్నగా నిర్ణయించడం కుదరదు. కాలాన్ని పొడిగించి చూస్తే పౌనఃపున్యం తేటపడుతుంది, ఏ క్షణంలో జరిగిందో మసకబారుతుంది. ఇది పరికరాల లోపం అనుకోరాదు. తరంగాల గణితమే అంత. 1927లో హైసెన్‌బర్గ్ అణుప్రపంచానికి చెప్పిన అనిశ్చితత్వ సూత్రం వెనకా ఈ గణితమే ఉంది.

విడదీసే దారి కూడా ఒక్కటే లేదు. 1910లో హార్, 1923లో వాల్ష్ మెట్లలాంటి తరంగాలతో విడదీసే పద్ధతులు చూపారు. 1980లలో వేవ్‌లెట్లు వచ్చాయి. ఇవి మొదలూ తుదీ ఉన్న చిట్టి తరంగాలు. డోలు దెబ్బను వీటిలో దేనితోనైనా తప్పులేకుండా విడదీసి, తిరిగి పూర్తిగా కూడవచ్చు. ఒకే శబ్దానికి ఇన్ని రకాల భాగాలుంటే అసలు భాగాలేవి?

నాగార్జునుడి వాదం పదునెక్కేది ఇక్కడే. మూలమధ్యమకకారికలో ఆయన ఏ వస్తువుకూ తనంతట తానుగా నిలిచే స్వభావం లేదని, ప్రతిదీ ఇతరాల మీద ఆధారపడి ఏర్పడుతుందని చూపాడు. మొత్తాన్ని ఖండించి భాగాలను పట్టుకుని వేలాడేవారికి కూడా ఆయన ఆ ఆసరా మిగల్చలేదు. విగ్రహవ్యావర్తనిలో ఇంకో అడుగు వేసి, కొలిచే ప్రమాణమూ కొలవబడే ప్రమేయమూ తమంతట తాముగా సిద్ధించవని, ఏదీ విడిగా నిలవదని వాదించాడు. విశ్లేషణకు తీసుకునే కాలపు ముక్క, అంటే కిటికీ, ఎంత వెడల్పు, ఏ తరంగంతో పోల్చాలి అని ముందే ఎంచుకోకుండా ఏ భాగమూ బయటపడదని సంకేత విశ్లేషణ చేసే ప్రతి ఇంజనీరుకూ తెలుసు.

పరిశోధనలో ఈ రెండు పక్షాలూ

అయితే అన్ని విభజనలూ సమానమేనా? పరిశోధకుల అనుభవం కాదనే చెబుతుంది. ఏ విభజన తగినదో చాలాసార్లు వస్తువే నిర్ణయిస్తుంది. తన ధర్మం కాలంతో మారని సరళ వ్యవస్థలోకి సైన్ తరంగాన్ని పంపితే అదే పౌనఃపున్యంతో సైన్ తరంగమే బయటికి వస్తుంది. మెట్ల తరంగాన్ని పంపితే రూపు మారిపోతుంది. తీగ, తోలు, వంతెన, భూగోళం తమ సహజ రీతుల్లో కంపిస్తాయి కాబట్టే వాటిని ఆ రీతులుగా విడదీయడం అర్థవంతం అవుతుంది.

చెవి దీనికి తొలి ఉదాహరణ. లోపలి చెవిలోని చుట్టలో పరచుకున్న పొర, మొదట్లో హెచ్చు పౌనఃపున్యాలకు, చివర్లో తక్కువ వాటికి స్పందిస్తుంది. ఈ సంగతిని ప్రయోగాలతో చూపిన బెకేషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ప్రత్యక్షజ్ఞానమే ముందు విడదీసి, తర్వాత కలుపుతోంది. కలపడంలో చెవి ఒక్కోసారి భాగాల్లో లేనిదాన్ని కూడా వింటుంది. పాత టెలిఫోను లైను 300 హెర్ట్జ్‌ల కంటే కింది పౌనఃపున్యాలను దాదాపు పంపేది కాదు. మగవాళ్ల గొంతు మూల పౌనఃపున్యం సాధారణంగా దానికంటే చాలా తక్కువ. అయినా అవతలివాళ్లకు ఆ గొంతు దాని అసలు స్థాయిలోనే వినిపించేది. పై తరంగాల మధ్య ఉన్న సమదూరం నుంచి చెవి మూలాన్ని గ్రహిస్తుంది. శ్రుతి భాగాల్లో లేదు, వాటి సంబంధంలో ఉంది.

భూమి విషయం మరో తీరు. 1960 మేలో చిలీలో వచ్చిన మహాభూకంపానికి భూగోళమంతా మోగింది. ఆ కంపనాల్లో అతి నిదానమైనది సుమారు 54 నిమిషాలకు ఒకసారి వచ్చిపోయేది. అంత నెమ్మదైన కంపనాన్ని ఏ మనిషీ అనుభవించలేడు. రోజుల తరబడి నమోదైన గీతను విడదీస్తేనే అది బయటపడింది. భూగర్భం ఎలా పొరలుగా ఉందో లెక్కగట్టడానికి ఈ కంపనాలు ఆధారమయ్యాయి. హైదరాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల, చిన్న భూకంపాల నమోదులను కూడా పౌనఃపున్యాలుగా విడదీసి, పగులు ఎంత పెద్దదో అంచనా వేస్తారు.

ఎమ్మారై యంత్రంలో వరుస తలకిందులవుతుంది. యంత్రానికి మొదట అందేవి శరీరపు బొమ్మ తాలూకు ఫూరియర్ అంశాలే. వాటిని కూడితేనే బొమ్మ వస్తుంది. మొత్తాన్ని నేరుగా చూస్తామన్న న్యాయసిద్ధాంతం ఇక్కడ వర్తించదు. భాగాలే ముందు ప్రత్యక్షం, అవయవి ఊహించి నిర్మించినది. స్ఫటికం మీద ఎక్స్‌కిరణాలు పడినప్పుడూ ఇంతే. కానీ అక్కడ ఫలకం మీద తరంగాల బలాలు మాత్రమే నమోదవుతాయి, దశలు పోతాయి. దశలు లేకుండా అణువులు ఎక్కడున్నాయో తెలియదు. ఈ చిక్కును గణితంతో విప్పినందుకు హాప్ట్‌మన్, కార్లే 1985లో నోబెల్ అందుకున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గౌతమ్ దేశిరాజు చేసిన స్ఫటిక ఇంజనీరింగ్ పరిశోధన, 1989లో ఆయన వెలువరించిన గ్రంథం, అణువుల అమరికను ఇలా చదవగలిగినందువల్లే సాధ్యమయ్యాయి.

ఫోన్లలో ఫొటోలను చిన్నవిగా చేసే విధానం ఇంకో పాఠం చెబుతుంది. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో కలిసి కామిశెట్టి రామమోహన్ రావు ప్రకటించిన కొసైన్ పరివర్తన ఫూరియర్ విశ్లేషణకు దగ్గరి చుట్టం. జేపెగ్ ఫొటోను 8 బిందువుల పొడవు, 8 బిందువుల వెడల్పు ఉన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిని 64 కొసైన్ అంశాలుగా విడదీస్తారు. కంటికి పెద్దగా తెలియని సన్నని అంశాలను తగ్గిస్తారు లేదా వదిలేస్తారు. ఇక్కడ ఏ భాగం ముఖ్యమో నిర్ణయించింది వస్తువొక్కటే కాదు, చూసే కన్ను కూడా. గద్ద కంటికి ఫొటోలు తయారుచేయవలసి వస్తే వదిలేసే భాగాలు వేరుగా ఉండేవి.

భాగాలన్నీ తెలిస్తే వస్తువు తెలుస్తుందా

చివరి ప్రశ్న జ్ఞానానికి సంబంధించినది. ఒక డోలు పలికే పౌనఃపున్యాలన్నీ తెలిస్తే, డోలును చూడకుండానే దాని ఆకారం చెప్పగలమా? బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన దృష్టాంతాల్లో దుందుభి ఒకటి. మోగుతున్న దుందుభి నుంచి వెలువడే శబ్దాలను విడిగా పట్టుకోలేమని, దుందుభిని గానీ వాయించేవాణ్ణి గానీ పట్టుకుంటేనే శబ్దం పట్టుబడుతుందని ఆయన బోధ. విశేషాలు సామాన్యాన్ని విడిచి ఉండవని శంకరులు దీనికి భాష్యం చెప్పారు.

గణితం ఇదే ప్రశ్నను తన దారిలో అడిగింది. 1949లో మీనాక్షిసుందరం స్వీడన్ గణితవేత్త ప్లెయెల్‌తో కలిసి, వంకర తిరిగిన తలాల సహజ కంపనాల మీద ప్రచురించిన పత్రం ఈ రంగానికి పునాది. ఫూరియర్ మొదలుపెట్టిన ఉష్ణ సమీకరణంతో ముడిపెట్టి చూస్తే, పౌనఃపున్యాల జాబితా నుంచి తలం ఎన్ని పరిమాణాలదో, దాని వైశాల్యమెంతో బయటికి వస్తాయి. వేడి విస్తరణ సూత్రాల్లో ఒకటి నేటికీ ఆ ఇద్దరి పేరుతోనే చలామణీలో ఉంది. 1966లో మార్క్ కాట్జ్, డోలు ఆకారాన్ని చెవితో వినగలమా అని సూటిగా అడిగాడు. 1992లో గోర్డన్, వెబ్, వోల్పర్ట్ జవాబిచ్చారు. ఆకారాలు వేరైనా పౌనఃపున్యాలన్నీ ఒకటే అయిన రెండు డోళ్లను వారు చూపించారు. వైశాల్యం వినవచ్చు, చుట్టుకొలత వినవచ్చు, పూర్తి ఆకారం మాత్రం ప్రతిసారీ వినలేం. పౌనఃపున్యాల జాబితా సంపూర్ణమైనా డోలు అందులో పూర్తిగా లేదు.

నిర్ణయం

డోలు శబ్దం ఒక్కటా, అనేకమా అన్న ప్రశ్నకు ఈ చర్చ ఇచ్చే సమాధానం ఇది. తోలుకు తనవైన కంపన రీతులున్నాయి కాబట్టి భాగాలు నిజం. వాటిని ఇసుకతో చూడవచ్చు, దెబ్బ చోటు మార్చి తొలగించవచ్చు, పూతతో వరుసలో పెట్టవచ్చు. ఆ నిజం స్వతంత్రమైనది మాత్రం కాదు. ఎంతసేపు వినాలి, దేనితో పోల్చాలి అనే ప్రశ్నతో పాటే భాగం రూపు కడుతుంది. ఇది నాగార్జునుడి దగ్గర నేర్చుకోవలసిన జాగ్రత్త. భాగాలన్నీ తెలిసినా వాటి సంబంధం తెలియకపోతే వస్తువు చేజారుతుంది. దశ పోతే బొమ్మ పోయినట్టే. ఇది అన్నంభట్టు పరంపర పట్టుదలకు దక్కవలసిన గౌరవం.

అందువల్ల విడదీసిన ఫలితాన్ని లోకం అసలు స్వరూపంగా చాటడమూ తప్పే, కేవలం లెక్కల మాయగా కొట్టిపారేయడమూ తప్పే. ఏ తరంగాలతో విడదీశారో, ఎంత కాలపు కిటికీలో చూశారో, దశను ఉంచారో వదిలారో చెప్పకుండా ఇచ్చే ఏ పట్టికా పూర్తి జ్ఞానం కాదు. ఆ మూడూ చెప్పిన పట్టిక, అది ఎంత చిన్నదైనా, డోలు గురించి నిజమే చెబుతుంది.